పాత బౌండు పత్రికలు, తాళపత్రాలు ఫొటో తీయడానికి ఏం కొనాలి?

దివిసీమ మాస్టారు అడిగారు:

అందరికీ నమస్కారం. నేను లెక్కల మాస్టారుగా రిటైరై ఏడేళ్ళయింది. మా ఊరి గ్రంథాలయానికి గౌరవ కార్యదర్శిని. గౌరవ అంటే జీతం లేదని. తాళం చెవి, కరెంటు బిల్లు, పైకప్పు కారితే పడే తిట్లు, అన్నీ నావే.

మా దగ్గర స్వాతంత్ర్యానికి ముందు నుంచీ పోగైన పుస్తకాలు, బౌండు చేయించిన పత్రికలు కలిపి 1,140 ఉన్నాయి. భారతి, గృహలక్ష్మి, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు కొన్ని. ఒక కరణంగారి ఇల్లు పడగొడుతుంటే అటక మీంచి దింపి తెచ్చిన తాళపత్రాల కట్టలు మరో 23. వీటిలో సగానికి పైగా 1977 నవంబరు 19 ఉప్పెనలో తడిసినవే. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. నీళ్ళు తీశాక పుస్తకాలన్నీ హైస్కూలు వరండాలోకి మోసి, చీరలు ఆరేసినట్టు తాళ్ళ మీద వేశాం. ఆ తాడు గుర్తు ఇప్పటికీ చాలా పుస్తకాల్లో నడిమి పేజీల మీద పసుపు గీతలా కనిపిస్తుంది. ఆరేసిన నలుగురిలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఇక పోయిన నెల చేసిన పాపం. మా అల్లుడు ఇచ్చిన ఎ4 ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 1927 నాటి బౌండు వాల్యూము బోర్లా పెట్టి మూత నొక్కాను. అప్పడం విరిగినట్టు టప్ మంది. వెన్ను నిలువునా రెండు ముక్కలు. ఇంత చేస్తే వచ్చిన బొమ్మలో కుట్టు పక్క అక్షరాలన్నీ నల్లటి నీడలో కలిసిపోయాయి. ఆ పూట అన్నం సహించలేదు.

ఊరి పిల్లలు అమెరికా నుంచి లక్షన్నర పోగుచేసి పంపారు. ఒక డీలరు ఫోన్ చేసి పన్నెండు లక్షల మెషిన్ ఉంది, పేజీలు దానంతట అదే తిప్పుకుంటుంది, వాయిదాల్లో కట్టండి అంటాడు. ఇంకొకాయన, పైనుంచి చూసే స్కానర్ నలభై వేలలో వస్తుంది, పేజీ ఒంపు సాఫ్ట్‌వేరే సరిచేస్తుంది అంటాడు. మా మేనల్లుడు మంచి కెమెరా కొను మామయ్యా, ఎన్ని మెగాపిక్సెల్స్ ఉంటే అంత మంచిది అంటాడు. ఎవరి మాట వినాలి? తాళపత్రాలకి వేరే మెషిన్ కావాలా? డబ్బు పరాయిది, పుస్తకాలు ఊరివి, అందుకే ఇంత టెన్షన్.

బుజ్జి_టెక్:

మాస్టారూ, ఫోన్‌లో స్కానింగ్ యాప్ వేసుకుంటే సరిపోతుందండీ. మా ఇంట్లో దస్తావేజులన్నీ అలాగే చేశాను. నిమిషానికి పది పేజీలు. లక్షన్నర పెట్టి పుస్తకాల బీరువాలు కొనుక్కోండి.

గంటం:

బుజ్జిగారూ, మీ దస్తావేజుకి మళ్ళీ అవసరం పడితే ఇంకో ఫొటో తీసుకుంటారు. మాస్టారి పుస్తకానికి ఆ అవకాశం ఉండకపోవచ్చు. వేళ్ళ మధ్య పొడి అయ్యే కాగితాన్ని రెండోసారి తిప్పలేం. యాప్ మాత్రం తనకి తోచినట్టు అంచులు కోసి, కాగితం రంగు తెల్లగా తుడిచేసి, అక్షరాలు నల్లగా చేసి పెడుతుంది. మీ తాడు గుర్తు కూడా తుడిచేస్తుంది మాస్టారూ.

నేను ఒక రాతప్రతుల గ్రంథాలయంలో పదకొండేళ్ళు కెమెరా వెనక కూర్చున్నాను. ఇప్పుడు హైదరాబాదులో వేరే ఉద్యోగం. ఒక్కమాట ముందు చెప్పి తరవాత వివరంగా రాస్తాను. పుస్తకం ఎంతవరకు తెరుచుకుంటుందో చూడకుండా ఏ మెషినూ కొనకండి. మీ వాల్యూము విరిగింది స్కానర్ చెడ్డదై కాదు. 180 డిగ్రీలు తెరుచుకోలేని పుస్తకాన్ని తెరవమన్నారు, అంతే.

ఇళ్ళలో రామాయణ పారాయణకి వ్యాసపీఠం పెడతారు కదా. దాని మీద పుస్తకం పూర్తిగా పరుచుకోదు, రెండు అట్టలకీ ఆసరా ఉండి సగమే తెరుచుకుంటుంది. మన ముత్తాతలకి తెలిసిన విషయమే. పుస్తకాలు స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ స్క్రైబ్ అనే యంత్రం కూడా అసలు చూస్తే వ్యాసపీఠమే. వి ఆకారపు ఆసరా, పైన వి ఆకారపు గాజు, రెండు పేజీలకి రెండు కెమెరాలు. గాజు లేపడానికి కాలి కింద పెడల్. పేజీ తిప్పేది మాత్రం మనిషే. అన్ని లక్షల పుస్తకాలు చేసినవాళ్ళే మనిషి చేతిని నమ్ముకున్నారంటే ఆ పన్నెండు లక్షల మెషిన్ సంగతి మీకే అర్థమవుతుంది. తనంతట తాను తిప్పే యంత్రాలు ఎక్కువగా గాలితో పీల్చి పేజీ లేపుతాయి. కొత్త పుస్తకాలకి బాగానే ఉంటుంది. 1927 నాటి నాసిరకం కాగితం ఆ పీల్పుకి మూల వదిలేసి వస్తుంది.

మీకు రెండు కెమెరాలు అక్కర్లేదు. ఎల్ ఆకారం చాలు. ఒక అట్ట బల్ల మీద పడుకుంటుంది, రెండో అట్ట నూట పది డిగ్రీల దగ్గర వెనకున్న చెక్కకి ఆనుకుంటుంది. కెమెరా నేరుగా పైనుంచి, పడుకున్న పేజీని మాత్రమే చూస్తుంది. బేసి పేజీలన్నీ ఒక వరస తీసి, పుస్తకాన్ని అటు తిప్పి పెట్టి సరి పేజీలన్నీ తీయడమే. ఆస్ట్రియాలో గ్రాజ్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వాళ్ళు పాత రాతప్రతుల కోసం చేసుకున్న బల్ల కూడా ఇలాగే ఒక పక్క పేజీనే చూస్తుంది. మీ ఊరి వడ్రంగికి బొమ్మ గీసి ఇస్తే రెండు రోజుల పని. పుస్తకం ఆనే చోటల్లా మెత్తటి గుడ్డ అతికించమనండి. మేకు తలలు పైకి తేలకూడదు.

నలభై వేల స్కానర్ గురించి. ఆ తరహాలో పేరున్న ఫుజిట్సు ఎస్‌వి600నే తీసుకుందాం, దాని లెక్కలు కంపెనీయే చెప్పింది కాబట్టి. దగ్గరి అంచున అడ్డంగా 285 డిపిఐ, అంటే అంగుళానికి 285 చుక్కలు, వస్తే దూరపు అంచుకి వెళ్ళేసరికి 218. నిలువుగా 283 నుంచి 152 దాకా పడిపోతుంది. ఆఫీసు కాగితాలకి ఫర్వాలేదు. మన పాత అచ్చుకి చాలదు. మీ 1927 వాల్యూములో గడి గడికీ అరసున్నలుంటాయి. థ లోపలి చుక్క, ధ కింది గీత, ప ని ఫ చేసే ఆ చిన్న కొక్కెం, ఇవన్నీ అచ్చులో అర మిల్లీమీటరు కూడా ఉండవు. 150 డిపిఐ అంటే మిల్లీమీటరుకి ఆరు చుక్కలు. దాన్ని నలుపు తెలుపు చేశారంటే అరసున్న మరకలా తేలుతుంది, లేదా అసలే పోతుంది. తరవాత బొమ్మలోంచి అక్షరాలు చదివే ఏ ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ వచ్చినా లేని అరసున్నని తిరిగి తేలేదు.

దానికి తోడు, ఒంపు సరిచేసే సాఫ్ట్‌వేర్ కుట్టు దగ్గరి అక్షరాలని లాగి సాగదీస్తుంది. చదవడానికి బాగుంటుంది, కానీ అది ఆ పేజీ కాదు.

మెగాపిక్సెల్స్ విషయానికొస్తే లెక్క మీరే వేయగలరు. 24 మెగాపిక్సెల్ కెమెరా అంటే సుమారు 6000 బై 4000 చుక్కలు. డెమ్మీ సైజు పేజీ పొడుగు ఎనిమిదిన్నర అంగుళాలు. చుట్టూ ఖాళీతో తొమ్మిదిన్నర అంగుళాలు ఫ్రేములో పట్టించినా అంగుళానికి 630 చుక్కలు. పెద్ద సైజు వారపత్రికైనా, 14 అంగుళాలు పట్టిస్తే 428. లోకంలో గ్రంథాలయాలు ఎక్కువగా అడిగేది 300 నుంచి 400. అంటే పదేళ్ళ కిందటి కెమెరా కూడా మీకు ఎక్కువే. మిగిలిన డబ్బు లెన్స్ మీద, లైట్ల మీద, కెమెరాని కదలకుండా పట్టుకునే స్తంభం మీద పెట్టండి. ట్రైపాడ్ వద్దు. కాలు తగిలితే రోజంతా చేసిన పని పోతుంది.

తాళపత్రాల గురించి విడిగా రాస్తాను. ముందు ఒక ఆకు ఫొటో పెట్టండి. పొడుగు, వెడల్పు, మసి పట్టించి ఉందా లేదా చెప్పండి.

తెనాలి ఫొటో:

మాస్టారూ నమస్తే. నేను పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌ని. మాది తెనాలి, పెనుమూడి వంతెన దాటితే మీ దివిసీమే. గంటంగారు చెప్పిందంతా కరెక్టు, నేను సామాన్ల సంగతి చెబుతా.

కొత్త కెమెరా కొనకండి. పెళ్ళిళ్ళవాళ్ళం లోపల అద్దం లేని కొత్తరకం మిర్రర్‌లెస్‌కి మారిపోయి పాత బాడీలన్నీ సగం ధరకి అమ్ముకుంటున్నాం. నికాన్ డి750 అయితే 24 మెగాపిక్సెల్, ఫుల్ ఫ్రేమ్, మీ పనికి బ్రహ్మాండం. ఒక్కటి చూసుకోండి, షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో. దాన్ని లక్షా యాభై వేల క్లిక్కులకి తయారు చేశారు. పెళ్ళిళ్ళు చేసిన బాడీ లక్ష దాటేసి ఉంటుంది. అమ్మేవాడు కొత్తగా ఉందండీ అంటాడు, మీరు లెక్క చూపించమనండి. దగ్గరి వస్తువులు తీసే 60 ఎంఎం మాక్రో లెన్స్ సెకండ్ హ్యాండ్ తీసుకోండి. కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్స్ వాడితే పేజీ నిలువు గీతలు పొట్ట ఉబ్బినట్టు వస్తాయి, మూలలు మసక. మాక్రో లెన్స్ అంచు దాకా తిన్నగా ఇస్తుంది.

సెట్టింగ్: ఐఎస్ఓ (కెమెరా లైటుని పట్టే జోరు) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 8. ఎఫ్ 16కి పోతే అన్నీ షార్ప్‌గా ఉంటాయనుకుంటారు, ఉండవు, మెత్తబడతాయి. షట్టర్ 1/50 లేదా అంతకంటే నెమ్మది. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలకి అంతకంటే స్పీడ్ పెడితే పేజీ మీద పట్టీలు పడతాయి. బటన్ చేత్తో నొక్కకండి, కంప్యూటర్‌కి వైరు వేసి అక్కణ్ణుంచే కొట్టండి. డిజిక్యామ్‌కంట్రోల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నికాన్‌కి బాగా పనిచేస్తుంది.

లైట్లు రెండు, ఒకే మోడల్, అటూ ఇటూ 45 డిగ్రీల్లో. సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తాయో చెప్పే అంకె, 95 పైన ఉన్నవి అడగండి. రెండూ సమానంగా పడుతున్నాయో లేదో చూడ్డానికి మా గురువుగారు ఒక చిట్కా నేర్పారు. పేజీ మధ్యలో పెన్సిల్ నిలబెట్టండి. రెండు వైపులా రెండు నీడలు పడతాయి. ఒకే పొడుగు, ఒకే నలుపు ఉంటే సరి. లేకపోతే లైటు జరపండి. కెమెరా తిన్నగా చూస్తోందా అనేదానికి ఇంకో చిట్కా. బల్ల మీద చిన్న అద్దం పెట్టి వ్యూఫైండర్లో చూడండి. లెన్స్ తన ముఖం తాను సరిగ్గా నడిమధ్యలో చూసుకోవాలి. పక్కకి కనిపిస్తే కెమెరా వాలినట్టే. స్పిరిట్ లెవెల్ కంటే ఇది నమ్మకం.

స్తంభానికి డబ్బు పెట్టొద్దు. మా అటక మీద నాన్నగారి కాలం నాటి, ఫిల్ము బొమ్మని కాగితం మీద పెద్దది చేసే ఎన్‌లార్జర్ ఉంది. డార్క్‌రూమ్‌లు పోయాక దాన్ని కదిపినవాడు లేడు. తల ఊడదీస్తే కెమెరా బిగించుకోవచ్చు, చక్రం తిప్పితే పైకీ కిందకీ నడుస్తుంది. ఇనుప స్తంభం, భూకంపం వచ్చినా కదలదు. ఊరికే ఇస్తాను, వచ్చి పట్టుకెళ్ళండి.

చదువరి:

కొనే ముందు ఒక పని చేయండి మాస్టారూ. 1,140 పుస్తకాలూ మీరే చేయక్కర్లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. మీ జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ వెతకండి. దొరికితే చివరి పేజీ దాకా తిప్పి చూడండి, మధ్యలో పేజీలు లేనివి కూడా ఉంటాయి. ఎక్కడా లేనివి, సగం ఉన్నవి మాత్రమే మీ వంతు. మీరు తీసినవి ఇంటర్నెట్లో పెట్టే ముందు రచయిత చనిపోయి ఎన్నేళ్ళయిందో చూసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తరవాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. ఫొటో తీసి దాచుకోవడం వేరు, అందరికీ పెట్టడం వేరు.

దివిసీమ మాస్టారు:

అందరికీ ధన్యవాదాలు. చదువరిగారూ, ఈ వారం రోజులూ మా మనవరాలు, నేను కూర్చుని వెతికాం. 1,140లో 790 దాకా దొరికాయి. మిగిలినవాటి పేజీలు ఉజ్జాయింపుగా లెక్కేస్తే 85,000. తెనాలి తమ్ముడి లెక్క ప్రకారం సగం వాడిన షట్టర్‌తో ఇది పూర్తికాదు, కాబట్టి యాభై వేల లోపు కొట్టినదే వెతుకుతున్నాను.

గంటం అమ్మా, తాళపత్రాల ఫొటో పెట్టాను. పొడుగు 15 అంగుళాలు, వెడల్పు అంగుళంన్నర. కొన్ని ఆకుల్లో అక్షరాలు నల్లగా కనిపిస్తున్నాయి. కొన్నిటి మీద ఏమీ లేనట్టే ఉంటుంది, వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది. నాలుగైదు కట్టల్లో ఆకులు అట్టల్లా అంటుకుపోయాయి. నిమ్మగడ్డి నూనె రాస్తే వస్తాయని ఒకాయన అన్నాడు. ఇంకో సందేహం, ఇంత లైటు వేస్తే ఆకు, కాగితం పాడవ్వవా?

గంటం:

మాస్టారూ, ముందు అంటుకున్న కట్టల సంగతి. వాటిని ముట్టుకోకండి. చాకు, బ్లేడు, ఆవిరి, ఏదీ వద్దు. నూనె కూడా ఇప్పుడు వద్దు. ఎండిన ఆకుకి మెత్తదనం తేవడానికి నిమ్మగడ్డి నూనె వాడతారు, నిజమే. కానీ ఏ ఆకుకి ఎంత అనేది ఆ పని తెలిసినవాళ్ళు చూసి చెప్పాలి. పైగా నూనె రాసిన ఆకు మెరుస్తుంది, లైటు తిరిగి కెమెరాలోకే కొడుతుంది. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ పరిరక్షణ కేంద్రాలు పెట్టించింది. అలాంటి చోట పనిచేసినవాళ్ళకి చూపించేదాకా ఆ నాలుగైదు కట్టలూ గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.

ఏమీ లేనట్టున్న ఆకుల మీద రాత ఉంది. గంటం అనే ఇనుప ములికితో గీశాక దీపపు మసి, నూనె కలిపి రుద్దితేనే అక్షరం నల్లగా తేలుతుంది. రుద్దనివో, మసి పోయినవో అలా ఖాళీగా కనిపిస్తాయి. మీరే మసి రుద్దేద్దామని మాత్రం అనుకోకండి. తప్పుగా పడితే మళ్ళీ మనం తుడిచి తీయలేం. ఒక లైటు ఆర్పేయండి. రెండోదాన్ని కిందకి దించి, ఆకుని దాదాపు పక్కనుంచి తాకేటట్టు పెట్టండి, బల్లకి పదిహేను ఇరవై డిగ్రీల ఎత్తులో. గీత లోతులో నీడ నిలబడుతుంది. గది చీకటిగా ఉండాలి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఖాళీ ఆకు మీద వరస తరవాత వరస లేచి వస్తుంది.

వేరే మెషిన్ అక్కర్లేదు. 15 అంగుళాల ఆకుని 16 అంగుళాల ఫ్రేములో పట్టిస్తే 375 వస్తుంది, అంటే మిల్లీమీటరుకి దాదాపు 15 చుక్కలు. మూడు మిల్లీమీటర్ల అక్షరానికి 45 చుక్కల ఎత్తు. చదవడానికి సుఖంగా ఉంటుంది. మరీ సన్నరాత అయితే ఆకుని రెండు భాగాలుగా, నడుమ రెండంగుళాలు కలిసేటట్టు తీయండి. ఒకే ఫ్రేములో నాలుగు ఆకులు పట్టించవచ్చు గానీ నేను వద్దంటాను. వరస తప్పితే మళ్ళీ కలపడం నరకం. ఒక్కో ఆకూ ముందు, వెనక, వెంటవెంటనే. తాడు విప్పే ముందు కట్టని నాలుగు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి.

లైటు గురించి భయపడాల్సినంత లేదు. మంచి ఎల్ఈడీల్లో అతినీలలోహిత కిరణాలు నామమాత్రం. పేజీకి పడేది కొన్ని సెకన్లు. మీ కిటికీలోంచి ఏళ్ళ తరబడి పడిన ఎండతో పోలిస్తే ఏమీ కాదు. వేడి కొట్టే హాలోజన్ లైట్లు మాత్రం తేవద్దు. కిటికీకి నల్లగుడ్డ కట్టండి, ఎండ, లైటు కలిస్తే ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు వస్తుంది.

ఇంకొన్ని. ఫ్యాను ఆపండి. పెళుసు కాగితం మూలలు ఎగిరిపోతాయి, స్తంభం కూడా సన్నగా వణుకుతుంది. పురుగు తిన్న పేజీ కింద లేత రంగు కాగితం దూర్చండి, లేకపోతే చిల్లుల్లోంచి కింది పేజీ అక్షరాలు తొంగి చూసి కొత్త పదాలు పుట్టిస్తాయి. పేజీ ఎగిరిపడుతుంటే గాజుపలక ఆనించండి, నొక్కకండి. యాక్రిలిక్ తేలిక కదా అని కొంటారు, అది తుడిచినప్పుడు కరెంటు పట్టి కాగితపు పొరలని పైకి లాక్కుంటుంది. గాజు వాడే రోజు తెల్ల చొక్కా వేసుకోకండి, మీరే పేజీలో కనిపిస్తారు. ప్రతి పుస్తకం మొదటి ఫ్రేములో 24 గళ్ళ రంగుల కార్డు, చిన్న స్కేలు పెట్టండి.

అసలు ఫైళ్ళు, కెమెరా పట్టింది పట్టినట్టు దాచే రా ఫార్మాట్‌లో ఉంచుకోండి, కోయకుండా. ఒక్కోటి ముప్పై ఎంబీ లోపే. మీ 85,000 పేజీలకి రెండున్నర టీబీ. టిఫ్‌గా మార్చి దాచాలంటే పేజీకి 72 ఎంబీ, ఆరు టీబీ దాటుతుంది. ఏదైనా సరే రెండు హార్డ్‌డిస్కులు, ఒకటి ఇంకో ఊళ్ళో. ఉప్పెన ఊరివాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. కోయడం, తిన్నగా చేయడం స్కాన్‌టైలర్‌లో చేసుకోవచ్చు, ఉచితమే.

ఒక హెచ్చరిక. బేసి, సరి విడిగా తీసినప్పుడు ఒక్క పేజీ తప్పినా అక్కణ్ణుంచి పుస్తకమంతా ఒక మెట్టు జరిగిపోతుంది. పుస్తకం కిందకి దించే ముందు రెండు వరసల సంఖ్య సమానమో కాదో చూసుకోండి.

దివిసీమ మాస్టారు:

మూడు నెలల తరవాత రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తుందని ఖర్చు కూడా చెబుతా. డి750 బాడీ, 41,000 క్లిక్కులది, లెన్స్‌తో కలిపి 78,000. లైట్లు రెండు 14,000. హార్డ్‌డిస్కులు, యూపీఎస్, రంగుల కార్డు, గాజు కలిపి 41,000 అయింది. వడ్రంగి చేసిన వ్యాసపీఠం, మావాళ్ళు దాన్ని అలాగే పిలుస్తున్నారు, 3,500. గుడ్డ మా ఇంటావిడ పాత మఖమల్ జాకెట్టు. ఎన్‌లార్జర్‌ని తెనాలి తమ్ముడు తనే బండి మీద తెచ్చి, బిగించి, భోజనం చేసి వెళ్ళాడు. మిగిలిన 13,500 కరెంటుకి ఉంచాం.

మొదటి పుస్తకం 212 పేజీలు, ఒక రోజంతా పట్టింది. సాయంత్రం చూస్తే బేసి 106, సరి 105. ముప్పై ఏళ్ళు పిల్లల చేత కూడికలు చేయించినవాణ్ణి, నాకే తేడా వచ్చింది. 88, 90 పేజీలున్న కాగితాలు రెండూ అంటుకుని కలిసి తిరిగాయట. అప్పటినుంచి ప్రతి యాభై పేజీలకి లెక్క చూస్తున్నాం. ఇప్పుడు రోజుకి 400 పేజీల దాకా వస్తున్నాయి, మనవరాలు పేజీ తిప్పితే నేను కంప్యూటర్ దగ్గర. లావు పుస్తకాలకి పేజీలు తరిగేకొద్దీ మట్టం దిగిపోయి ఫోకస్ మారుతోంది. సెంటీమీటరు దిగినప్పుడల్లా కింద ఒక అట్ట దూరుస్తున్నాం, ఆ ఉపాయం కూడా పిల్లదే. ఫ్యాను ఆపడంతో చెమట. ఒకరోజు బొట్టు పేజీ మీద పడబోయి గాజు మీద పడింది. మర్నాటి నుంచి తలకి తువ్వాలు.

గంటం అమ్మ చెప్పిన అరసున్న పరీక్ష చేశాను. అదే పేజీని ఫోన్‌తోనూ కెమెరాతోనూ తీసి పక్కపక్కన పెట్టి చూశాం. ఫోన్‌లో 31 అరసున్నలకి 12 కనిపించాయి. బుజ్జిగారికి ఏమీ అనుకోవద్దని మనవి.

నేను విరగ్గొట్టిన 1927 వాల్యూము ఉంది చూశారూ, అదొక్కటే ఎటు తిప్పితే అటు తెరుచుకుంటూ అన్నిటికన్నా త్వరగా అయిపోయింది. దాన్ని చూస్తే ఇప్పటికీ ముఖం చెల్లట్లేదు.

తాళపత్రాల్లో ఒక కట్ట పూర్తయింది. భారతమో, ఎవరికీ తెలియని ప్రబంధమో ఉంటుందని ఊరంతా ఆశపడ్డారు. కిటికీకి గుడ్డ కట్టి, ఒక్క లైటు కిందకి దించగానే ఖాళీ ఆకు మీద గీతలు లేచాయి. చూస్తే కవిలె. శిస్తు లెక్కలు. తెలుగు అంకెలు, వీసాలు (వీసం అంటే పదహారో వంతు), వాటి గుర్తులు నేర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. చదవగా చదవగా పద్దెనిమిదో ఆకులో ఒక కూడిక తప్పు దొరికింది, వీసం తేడా. కరణంగారిది తప్పో, నేను చదవడంలో తప్పో తేల్చుకుందామని ఆ ఆకు మాత్రం రెండో వైపు నుంచి లైటు వేసి మళ్ళీ తీశాను. తప్పు ఆయనదే.